ఫోన్లో సారు, ఇంట్లో గిడ్డమ్మ

పత్తికొండ మార్కెట్లో గిడ్డమ్మ నోటికి జడవని మండీ మనిషి లేడు. టమోటా బాక్సులు ఎత్తడంలో మగవాళ్లకు తీసిపోదు, తిట్టడంలో వాళ్లను మించిపోతుంది. అలాంటి మనిషి, తన కూతురు అంజలి మీద మాత్రం ఏనాడూ చెయ్యి చేసుకోలేదు. ఆ ముచ్చట కరోనా తీర్చింది.

అంజలి కర్నూలులో హాస్టల్లో ఉండి జిమ్నాస్టిక్స్ నేర్చుకునేది. లాక్‌డౌన్ పెట్టగానే పిల్లల్ని ఇళ్లకు పంపేశారు. కోచ్ సుధీర్ రోజూ పొద్దున్నే వీడియో కాల్లో పాఠం మొదలుపెట్టాడు. కర్నూలులో ఆట నేర్పే హాలులో అయితే పిల్లల తొడల మీద బెత్తంతో బాదేవాడు, నడుం మీద మోకాలు పెట్టి అణిచేవాడు. ఫోన్లోంచి చెయ్యి రాదు గదా! అందుకని ఆ మహానుభావుడు ఆ పని తల్లులకు అప్పగించాడు. హాస్టల్ తెరిచేసరికి ఒళ్లు బిగుసుకున్న పిల్లను తీసేస్తానన్నాడు. కూతురు కూడా తనలాగే బాక్సులు మోయాల్సి వస్తుందన్న భయంతో గిడ్డమ్మ వేపబెత్తం పట్టింది. వాతలు తేలేలా కొట్టేది. కొట్టి, పొయ్యి దగ్గర కూర్చుని ఏడ్చేది.

ఆ రోజు అంజలి ఒక కాలు ముందుకు, ఒక కాలు వెనక్కు చాపి నేలకు దిగుతోంది. గోడకు ఆనించిన ఫోన్లోంచి సారు గద్దించాడు.

"ఇంకా జానెడు ఎత్తు ఉండాది. నొక్కమ్మా!"

గిడ్డమ్మ భుజాలు పట్టి నొక్కింది.

"అమ్మా, నేల తగిలిండాది!"

"సారు చూస్తాండాడు. దొంగేడుపులు ఏడ్వొద్దు."

"దిగలేదమ్మా. బరువంతా వెయ్యి!" అన్నాడు సారు.

వేసింది. పాత గుడ్డ చించినట్టు చప్పుడైంది. అంజలి పెట్టిన కేకకు పక్కింటివాళ్లు మాస్కులు కూడా లేకుండా పరుగెత్తుకొచ్చారు.

"అరుపులెందుకు? పిల్ల ఇంకా పైనే ఉండాది కదా... ఓ, బొమ్మ నిలిచిపోయింది. కట్ చేసి మళ్లీ చెయ్యమ్మా" అన్నాడు సారు.

ఇంతసేపూ ఆయన చూసింది సగం దిగిన అంజలినే. గిడ్డమ్మ రోటి పొత్రం ఎత్తి ఫోన్‌ను నుగ్గునుగ్గు చేసింది. గాజుపెంకులు అరచేతిలో దిగినా ఆపలేదు.

తొడ కండ తెగిందనీ, ఇక ఆట మరిచిపొమ్మనీ డాక్టర్ చెప్పాడు. ఇంటికొచ్చాక గిడ్డమ్మ కూతురి కాలు సర్ది తలగడ పెట్టబోయింది. అంజలి మోచేత్తో ఆమె మొహం మీద గుద్దింది. పెదవి చిట్లి రక్తం కారింది.

"సారు చెప్పినాడని నొక్కితినే, తల్లీ..."

"సారు యాడుండాడు? నా మీదుండింది నువ్వు."