ఇరవై రెండు నిమిషాలు

మా ఊరు తోటపల్లి గూడూరు మండలంలో, సముద్రానికి నాలుగు కిలోమీటర్ల లోపే ఉంది. ఊరి మంచినీటి బావిలో ఉప్పు ఎంత ఉందో ప్రతి నెలా మొదటి సోమవారం ఉదయం ఏడు గంటలకు నేనే కొలుస్తాను. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ నీటి కొలతలే నా పని. విరమణ తర్వాతా ఆ అలవాటు పోలేదు. తొమ్మిదేళ్ల అంకెలున్నాయి. మొదటి ఆరేళ్ల పుస్తకాలు ఒక వానాకాలం ఇంట్లోకి వచ్చిన నీళ్లలో ముద్దైపోయాయి. ఆ అంకెలు మిగిలింది కంప్యూటర్‌లోని ఒక పాత ప్రోగ్రామ్‌లో మాత్రమే.

ఈ మధ్య ఆ బావికి ఎనభై అడుగుల దూరంలో ఉప్పునీటి రొయ్యల గుంట తవ్వుకోవడానికి ఒకరు అనుమతి అడిగారు. శుక్రవారం పంచాయతీలో సమావేశం. తొమ్మిదేళ్ల పట్టిక కాగితం మీద చూపితేనే నా అభ్యంతరానికి విలువ. సమావేశానికి పది రోజుల ముందు నా కంప్యూటర్ కాలిపోయింది. లోపలి డిస్క్ మాత్రం దక్కింది.

ఆ ప్రోగ్రామ్ పాత ఆపరేటింగ్ సిస్టమ్ మీద తప్ప నడవదు. నెల్లూరులో రిపేరు దుకాణం నడిపే భాయ్ దగ్గరికి వెళ్లాను. రేడియోల కాలం నుంచి, ఇరవై ఆరేళ్లుగా, మా ఇంట్లో చెడిపోయిన ప్రతి వస్తువూ ఆయన చేతుల్లోనే బాగయింది. వాడిన లాప్‌టాప్ ఒకటి చూసి, అందులో పాత సిస్టమ్ ఎక్కించి, నా డిస్క్‌లోని ప్రోగ్రామ్‌నూ అంకెలనూ దాన్లోకి మార్చి, మరునాడు సాయంత్రం నాలుగూ పదికి నా చేతికిచ్చారు. దాని బ్యాటరీ చచ్చిపోయింది, కరెంటు మీదే నడవాలన్నారు. అది దాచలేదు.

తొమ్మిదేళ్ల నివేదిక తయారుచేయడానికి ఆ ప్రోగ్రామ్‌కు యాభై నిమిషాలు పడుతుంది. మొదటిసారి ఇరవై రెండో నిమిషంలో లాప్‌టాప్ ఆరిపోయింది. రెండోసారి ఇరవై మూడు. మూడోసారి మళ్లీ ఇరవై రెండు. మూడూ పుస్తకంలో రాసుకుని భాయ్‌కి ఫోన్ చేశాను.

“మిషన్ శుభ్రంగా ఉండాది సార్. మీ పల్లె కరెంటు సంగతి తెలీందా? వోల్టేజి ఎగిరెగిరి పడతా ఉంటాది. అది చూసుకోండి ముందు.”

చూసుకున్నాను. ఐదు రోజులపాటు ఉదయం ఆరు నుంచి సాయంత్రం ఆరు దాకా అరగంటకొకసారి వోల్టేజి కొలిచాను. మొత్తం నూట ఇరవై ఐదు కొలతలు. కనిష్ఠం 214, గరిష్ఠం 236. రెండూ హద్దుల్లోనే ఉన్నాయి. అయినా భాయ్ మాట మీద స్టెబిలైజరు కొని పెట్టాను. లాప్‌టాప్ ఇరవై రెండు నిమిషాలకే ఆరిపోయింది.

బుధవారం ఉదయం దాన్ని పద్ధతి ప్రకారం నేనే ఆపాను. తెర మీద ఒక వాక్యం నిలిచిపోయింది: ఇక మీ కంప్యూటర్ స్విచ్ ఆపవచ్చునని. నా పాత కంప్యూటర్ దానంతట అదే ఆరిపోయేది. ఆ వాక్యాన్ని అక్షరం పొల్లు పోకుండా ఫోన్‌లో వెతికాను. కరెంటు వాడకాన్ని చూసుకునే పవర్ మేనేజ్‌మెంట్ అనే భాగం తీసేసి సిస్టమ్ ఎక్కిస్తేనే ఆ వాక్యం వస్తుందని, అలా ఎక్కిస్తే కొన్ని లాప్‌టాప్‌లలో ఫ్యాను సరిగా తిరగక యంత్రం వేడెక్కి ఆరిపోతుందని ఒకచోట రాసి ఉంది.

పదకొండు గంటల బస్సుకు నెల్లూరు వెళ్లాను. నా చంకలో పుస్తకం చూడగానే భాయ్ తల వంచుకుని ఏదో స్క్రూ బిగించసాగారు.

“ఆ భాగం తీసేసి ఎక్కించారా, భాయ్?”

“నాలుగు తూర్లు సగంలో నీలం స్క్రీన్ పడి ఆగిపోయింది సార్. ఐదో తూరి ఆ భాగం తీసేసే కీ నొక్కినా. ఎక్కేసింది.”

“వేడెక్కుతుందని తెలుసా?”

“తెలుసు.”

“మరి వోల్టేజి అన్నారే!”

మిక్సీ కోసం వచ్చి బల్ల మీద కూర్చున్న ఒకాయన నవ్వాడు. “చెప్పేయ్ భాయ్, టైముతో సహా చెప్పు. సారు రాసుకోవాల గదా!”

భాయ్ నవ్వలేదు. “రాస్తారనే చెప్పలేదు సార్. ఆ పొద్దు టేప్‌రికార్డరు మూడు దినాలు ఆలస్యమైందని తేదీ ఏసి రాసి, ఇక్కడే, నలుగురి ముందర చదివి ఇనిపించినారు. అది మీరు మరిచిపోయుంటారు. నేను మరవలా.”

నేను మరచిపోలేదు. ఆ పేజీ నా దగ్గర ఇంకా ఉంది. అందుకు ఆయన నన్ను ఐదు రోజులు వోల్టేజి కొలుస్తూ కూర్చోబెట్టాలా? సమావేశం ఎప్పుడో ఆయనకు తెలుసు. తారీఖు నేనే చెప్పాను.

మళ్లీ సక్రమంగా ఎక్కిస్తానని, రెండు రోజులు కావాలని అన్నారు. నాకు రెండు రోజులు లేవు. లాప్‌టాప్ తీసుకుని వచ్చేశాను.

గురువారం పొద్దున దాన్ని రెండు ఇటుకల మీద నిలబెట్టి, కింద నుంచి గాలి తగిలేలా టేబుల్ ఫ్యాను పెట్టాను. ఇరవై రెండు దాటింది. ముప్పై దాటింది. యాభై ఒకటో నిమిషానికి నివేదిక పూర్తయి, ప్రింటర్ నుంచి తొమ్మిది పేజీలూ వచ్చాయి. శుక్రవారం సర్పంచ్ గారు వాటిని ఒక్కొక్కటే తిప్పి చూశారు. గుంటను నాలుగు వందల అడుగుల అవతల తవ్వుకొమ్మన్నారు.

ఆ రోజు సాయంత్రం పుస్తకం తెరిచాను. భాయ్ ఏం చేసిందీ రాయడానికి తేదీ వేశాను. వెనక పేజీలో నూట ఇరవై ఐదు వోల్టేజి కొలతలున్నాయి, ఒక్కదానిలోనూ తప్పు లేదు. వాటికి ముందు పేజీలో 22, 23, 22. కరెంటు దోషమైతే ప్రతిసారీ అదే నిమిషానికి రాదు. మొదటి రోజే ఆ మూడంకెలూ నా ముందున్నాయి. వాటిని పక్కన పెట్టి నేను ఫోన్‌లో ఒక మనిషి చెప్పిన మాట విన్నాను.

తేదీ కింద ఏమీ రాయలేదు. ఆ తర్వాత మా గ్రైండర్ మోటారు చెడింది, ఇప్పటికి పదిహేడు రోజులు. భాయ్ దుకాణానికి ఇంకా తీసుకువెళ్లలేదు.