కింది ఇంటి మాస్టారు రాసిచ్చిన అక్షరం

మూడేళ్ల కిందట ఉగాది సభలో మన తెలుగు సంఘం కార్యదర్శి నా చేతిలోంచి మైకు లాక్కున్నాడు. నేనది మరిచిపోలేదు. ఇప్పుడు మా కింది ఇంటి చైనా మాస్టారు పోయారు. మొన్న మంగళవారం, నిద్రలోనే. జర్మనీలో ఈ కెమ్నిట్జ్‌కి చదువుకు వచ్చిన మన పిల్లలకు ఏళ్ల తరబడి శనివారం శనివారం ఊరికే జర్మన్ నేర్పిన మనిషి. ఆదివారం జూమ్‌లో ఆయన్ని తలుచుకునే సభ ఉంది. మాట్లాడేవాళ్ల జాబితాలో నా పేరు లేదు. మాట్లాడతానని మాస్టారి ఆవిడకు నేను మాటిచ్చాను.

ఆ ఉగాదినాడు నేనన్నది ఒక్కటే. "వేపపువ్వు లేనిది పచ్చడెలా అవుతుంది? ఇది పానకం." మైకు పోయాక, అతిథిగా వచ్చిన మాస్టారు మా అమ్మాయిని సంగతేమిటని అడిగి, పడీపడీ నవ్వి, కాగితం రుమాలు మీద ఒక అక్షరం గీశారు.

"ఇది మీ నాన్న," అన్నారు జర్మన్‌లో. మా అమ్మాయి నాకు తెలుగులో చెప్పింది.

దాన్ని 'ఖాన్' అని పలకాలట. ఒక మనిషి, పక్కన నోరు, నోటి కింద పారే ఏరు. మనిషినీ నోటినీ కలిపి పూర్వం నమ్మకం అని చదివేవారట. రాత్రీపగలూ ఆగని ఏరులా, నమ్మకంగా, సూటిగా మాట్లాడటం. పెద్దవాడు చిన్న ఉద్యోగులతో జంకు లేకుండా, సరదాగా మాట్లాడినా ఇదే అక్షరం. పోనుపోను బీజింగ్ జనం దాన్ని ఊసుపోక కబుర్లకి వాడేశారట.

"మీ నాన్నకి సూటిగా మాట్లాడటం వచ్చు, కబుర్లూ వచ్చు. సరదాయే రాదు."

నాది నాలుగో తరగతి చదువు. ఆ ఒక్క చైనా అక్షరం మాత్రం చూడకుండా రాస్తాను.

లాక్‌డౌన్‌లో ఆయన కింది బాల్కనీలో, మేం పైన.

"ఆయన టీ వట్టి వేడినీళ్లని చెప్పు."

"నాన్నా, బాగోదు." మా అమ్మాయి ఏదో రెండు ముక్కలు అనేది.

"మీ నాన్న అంత పొడుగు మాట్లాడితే నీ మాట ఇంత పొట్టిదేమిటమ్మా? మొత్తం చెప్పు!" అనేవారు మాస్టారు కింది నుంచి.

చెప్పింది. "మీ పాలకాఫీ దూడలు తాగాలి," అన్నారు. "మాస్కు నోటికి, మాటకి కాదు," అని కూడా అనేవారు.

ఒకరోజు మాత్రం నవ్వలేదు. "పచ్చడి గురించి నువ్వన్నది నిజమే. అది కలిపిన అమ్మాయి ముఖం చూశావా?"

చూడలేదు. మర్నాడే ఆ అమ్మాయికి ఫోన్ చేసి క్షమించమన్నాను. పువ్వు లేదన్న మాట మాత్రం వెనక్కి తీసుకోలేదు.

"తాతగారూ, ఈ ఊళ్లో వేపచెట్టెక్కడుందండీ, ఎక్కి కోసుకురావడానికి?" అని ఆ పిల్ల ఒకటే నవ్వు.

కార్యదర్శిగారూ, ఐదు నిమిషాలు చాలు. ఎవరినీ తిట్టను. ఆయన దేవుడని పొగిడి కూర్చోను కూడా. చదరంగంలో వేసిన ఎత్తు వెనక్కి తీసుకునేవారని చెబుతాను. వాళ్లావిడ అలాంటివే వినాలంటోంది. నా పేరు రాస్తారా, రాయరా? గురువారం సాయంత్రం ఆరింటిలోగా చెప్పండి.