చచ్చిన నీళ్ళలో హల్వార్

హల్వార్ పడవెక్కితే పెళ్ళికని బయల్దేరినవాళ్ళు బారసాలకి చేరతారని, సముద్రం కొండల మధ్యకి చొచ్చుకొచ్చిన మా ఫియోర్డు ఒడ్డున వేళాకోళం చేసేవాళ్ళు. నిజం చెప్పొద్దూ, తప్పు ఆయనది కాదు. ఎండాకాలం మొదట్లో కొండల మీది మంచు కరిగి, ఆ మంచినీళ్ళు వచ్చి ఉప్పునీళ్ళ మీద మీగడలా పరుచుకుంటాయి. బరువు పడవ వెళ్తుంటే ఆ రెండు నీళ్ళ మధ్య అల లేస్తుంది. పైనేమో అద్దంలా ఉంటుంది, అడుగున ఆ కనపడని అల పడవని కదలనివ్వదు. చచ్చిన నీళ్ళంటాం. మిగతావాళ్ళు తెడ్లతో నీళ్ళని బాదుతారు, నోటికొచ్చినట్టు తిడతారు. హల్వార్ తెడ్లు పైకి తీసి, పైపు వెలిగించి, ఆ అలని పోనిద్దాం అనేవాడు. అది పోయేది, పడవ కదిలేది. నలభై ఏళ్ళు అలాగే నెట్టుకొచ్చాడు.

ఆ జూన్‌లో ఆయన పడవలో ఒక సమాధిరాయి ఉంది. భార్య గూరో పోయి ఏడాదైంది. చలికాలమంతా తానే ఉలి పట్టి ఆమె పేరు చెక్కాడు పాపం. అవతలి ఒడ్డు చర్చికి తీసుకెళ్ళబోతుంటే మంత్రసాని సిగ్ని పరుగెత్తుకొచ్చింది. అవతల ఓసా అనే అమ్మాయికి తొలికాన్పు, బిడ్డ అడ్డం తిరిగింది. తక్కిన పడవలన్నీ చేపలకి పోయాయి. రాయిని ఒడ్డున దింపాలంటే నలుగురు కావాలి. అలాగే ఎక్కమన్నాడు.

సగం దూరంలో నీళ్ళు పట్టేశాయి. అలవాటుగా తెడ్లు పైకి తీశాడు. పడవ కాస్త కదిలి మళ్ళీ ఆగింది. రాయి బరువుకి పడవ అడుగు ఉప్పునీళ్ళ దాకా దిగింది మరి. అవతల ఎవరో తెల్లగుడ్డ ఊపుతున్నారు. సిగ్ని ఒక్క మాటా అనలేదు, ఆయనకి అదే కష్టంగా ఉంది.

లేచి, రాతి మీది పేరుని ఒకసారి తడిమాడు.

“అమ్మాయ్, ఆ కొస పట్టు.”

“వద్దు బాబాయ్, ఇంకాసేపు చూద్దాం.”

“నాకు ఓపికుంది. ఆ పిల్లకి లేదు. పట్టు.”

తెడ్డు కింద పెట్టి రాయిని ఎత్తి నీళ్ళలోకి తోసేశారు. పడవ నాలుగు వేళ్ళు పైకి తేలింది. ఇద్దరూ చెరో జత తెడ్లు అందుకున్నారు. హల్వార్ అంత జోరుగా తెడ్డు వెయ్యడం ఎవరూ ఎరగరు.

సాయంత్రానికి తల్లీబిడ్డా క్షేమం. ఒడ్డున కూర్చుని ఏడుస్తున్న హల్వార్ దగ్గరికి సిగ్ని వచ్చి, రాయి పోయినందుకు తనకీ బాధగా ఉందంది.

ఆయన ముక్కు తుడుచుకున్నాడు.

“రాయి గురించి కాదే. గూరోకి నొప్పులొచ్చినప్పుడు మంత్రసానిని తెస్తూ ఇలాగే ఆగిపోయా. తెడ్లు పైకి తీసి కూర్చున్నా. మా బిడ్డ దక్కలేదు. అంత జరిగినా, బతికినన్నాళ్ళూ గూరో నన్ను ఒక్క మాట అనలేదు.”