స్ఫాక్స్ వెళ్ళిన తెల్లకోటు

ఆ రోజుల్లో మధ్యాహ్నాలు ఎంత పొడుగ్గా ఉండేవో ఇప్పుడు చెబితే ఎవరూ నమ్మరు. డిగ్రీ పరీక్షలు రాసేసి, ఇంట్లో ఉంటే అమ్మ చెప్పే పనులన్నీ చెయ్యాల్సి వస్తుందని, మెదక్‌లో రాందాస్ చౌరస్తాకి కాస్త లోపలగా ఉన్న మా చిన్నమ్మ లేడీస్ టైలర్ దుకాణంలో పనికి కుదిరాను. (అక్కడ అంతకంటే ఎక్కువ పనులుంటాయని కుదిరాక తెలిసింది.) పొద్దున హవేలిఘనపూర్ ఆటోల్లో వచ్చే ఆడవాళ్ళు జాకెట్ ముక్కలిచ్చి, బజారు చేసుకుని, ఎండెక్కేలోగా వెళ్ళిపోయేవారు. ఆ తర్వాత రెండు గంటలు వీధి మొత్తం కునుకు తీసేది. ఫ్యాను గాలికి గోడకి వేలాడే జాకెట్లు చేతులూపుతూ ఉండేవి. చిన్నమ్మ మిషను మీద తల వాల్చేది. నేను బట్టల కుప్ప వెనక ఫోను పెట్టుకుని మంచుదేశానికి వెళ్ళిపోయేదాన్ని.

మంచుదేశమంటే జపాన్ వాళ్ళ బొమ్మల సీరియల్. వాటిని అనిమే అంటారు. నాకు ప్రాణమైన ఆ సీరియల్లో ఒక అమ్మాయి మంచులో నడుచుకుంటూ ఇల్లిల్లూ తిరిగి, చనిపోయినవాళ్ళు రాసిపెట్టి వెళ్ళిన ఉత్తరాలు పంచుతుంది. ఆమె వేసుకునే పొడుగు తెల్లకోటు మీద మరక పడదు. బొగ్గుబండి ఎక్కినా, బురదలో జారిపడినా ఆ కోటు మల్లెపువ్వులా అలాగే ఉంటుంది. ఎందుకు పడదో కథలో ఎక్కడా చెప్పరు. చెప్పనందుకే మేము మూడు నెలలు వాదించుకున్నాం. మేము అంటే, ఆ సీరియల్ పిచ్చి పట్టినవాళ్ళం ఎక్కడెక్కడి నుంచో చేరిన ఒక ఆన్‌లైన్ గుంపు. అందులో మెదక్ నుంచి నేనొక్కదాన్నే. ట్యునీషియా నుంచి మాత్రం బోలెడు మంది. ఆ దేశం ఎక్కడుందో అప్పటికి నాకు తెలీదు, మ్యాపు తెరిచి చూస్తే ఆఫ్రికా నెత్తిమీద సముద్రానికి ఆనుకుని కనబడింది.

వాళ్ళలో స్ఫాక్స్ అనే ఊరి అమ్మాయి ఒకతి నాకు దగ్గరైంది. ఊరిపక్కన ఉప్పుమళ్ళు ఉన్నాయని గుంపులో ఉప్పుపిల్ల అని పేరు పెట్టుకుంది. ఆమె ఇంగ్లీషూ నా ఇంగ్లీషూ రెండూ కుంటివే కాబట్టి బాగా కుదిరింది. తన దేశంలో ఈ పిచ్చి ఎలా ముదిరిందో ఆమె నాకు ముక్కలు ముక్కలుగా చెప్పేది. వాళ్ళమ్మ చిన్నప్పుడు జపాన్ బొమ్మలు అరబ్బీ మాటలతో టీవీలో వచ్చేవట. సాయంత్రం అయ్యేసరికి వీధిలో పిల్లలంతా మాయమై, టీవీ ఉన్న ఇంట్లో తేలేవారట. అవి జపాన్‌వని కూడా వాళ్ళకి తెలీదు, తమవే అనుకున్నారు. తర్వాత వాళ్ళ చిన్నమామ కాలానికి సీడీలు వచ్చాయి, ఒకరి దగ్గర్నుంచి ఒకరు కాపీ చేసుకుని అరిగిపోయేదాకా చూశారు. ఉప్పుపిల్ల కాలానికి ఇంటర్నెట్ వచ్చింది. కాలేజీ పిల్లలు ఇంట్లో పాత కర్టెన్లు చింపి కత్తులూ కిరీటాలూ చేసుకుని ఏదో ఒక హాలులో కలుసుకోవడం మొదలుపెట్టారు. మొదటిసారి హాలు సగం కూడా నిండలేదనీ, రెండోసారి మెట్లమీద కూడా చోటు లేదనీ రాసింది. అది చదివి నేను జాకెట్ల మధ్య కూర్చుని కుళ్ళుకున్నాను. నాకు మెట్లూ లేవు, హాలూ లేదు, ఈ ఊళ్ళో ఆ తెల్లకోటు పిల్ల గురించి మాట్లాడదామంటే మనిషే లేదు.

అంత కుళ్ళులో మనిషి అబద్ధమాడకుండా ఉంటుందా? నాకు ఇక్కడ ఒక "స్టూడియో" ఉందనీ, నాటకాలకీ సినిమాలకీ దుస్తులు కుడతాననీ చెప్పాను. (స్టూడియో అంటే రెండు మిషన్లూ, ఒక ఇస్త్రీ బల్లా, గోడమీద జాకెట్ మెడల చార్టూ.) దాని ఫలితం ఒక నెలకి వచ్చింది. వచ్చే సభలో వేషాల పోటీ ఉందనీ, తెల్లకోటు పిల్ల వేషం వెయ్యాలనుందనీ, కోటు నన్నే కుట్టి పంపమనీ ఉప్పుపిల్ల అడిగింది. బదులుగా నా బొమ్మ గీసిస్తానంది. అసలు సంగతి ఆ తర్వాత చెప్పింది. ఇంట్లో వాళ్ళమ్మ ఈ బొమ్మల గోల మానెయ్యమంటోందట. ఎంతో బతిమాలితే, "ఈ ఒక్కసారి నేనే వచ్చి చూస్తాను. నాకు పిచ్చివేషంలా కనబడిందా, ఇక అక్కడికి అడుగు పెట్టేది లేదు" అందట. అంటే నేను కుట్టబోయే కోటు మీద ఒక పిల్ల లోకం మొత్తం వేలాడుతోంది. ఈ మాట చదివాక కూడా నిజం చెప్పి తప్పుకోకుండా, మా స్టూడియో చూసుకుంటుందని రాసిన ఘనురాలిని నేను.

చిన్నమ్మకి చెప్పక తప్పలేదు. ఆమె ఫోనులో బొమ్మని అటు తిప్పి ఇటు తిప్పి చూసింది. "ఏందే గిది? దవాఖాన డాక్టరమ్మనా?" అంది. కాదు, ఉత్తరాలు పంచుతుందన్నాను. "పోస్టుల పంజేస్తదా? మంచిగున్నది. గవర్నమెంటు నౌకరి," అని బట్ట ఏదో అడిగింది. అప్పట్నుంచి నేను ఆమెని ఎంత వేధించానో చెబితే సిగ్గు. గుండీలు ఏడే ఉండాలి, ఎనిమిది కాదు. కాలరు చెవికి రెండు వేళ్ళ కిందికే రావాలి. తెలుపు పాలతెలుపు కాదు, సున్నపుతెలుపూ కాదు. మూడు తానులు తిప్పికొట్టాక చిన్నమ్మ కత్తెర కింద పెట్టి, "నీ పెండ్లి చీరకన్న గింత జూస్తవానే?" అంది. అయినా కుట్టింది. ఆ పొడుగు మధ్యాహ్నాల్లో ఆమె చేతికింద ఆ కోటు మెల్లగా పెరుగుతుంటే, ఫోనులోని మంచు మా బల్లమీద కురుస్తున్నట్టే ఉండేది. చివరి గుండీ మాత్రం నేనే కుట్టాను, మడతపెట్టాను, పార్శిలు కట్టాను.

పోస్టాఫీసు కౌంటరులో ఆయన చిరునామా చదివి, "ట్యునీషియా అంటే ఏ జిల్లల వస్తదమ్మా?" అని అడిగాడు. "గది దేశం సార్," అన్నాను గర్వంగా. తూకం వేశాడు, ముద్ర కొట్టాడు, కోటు వెళ్ళిపోయింది. తేలిగ్గా ఊపిరి పీల్చుకుని దుకాణానికి తిరిగొచ్చేసరికి చిన్నమ్మ జాకెట్‌కి హుక్కులు వేస్తూ తలెత్తకుండా అడిగింది.

"పసుపు వెట్టినవానే?"

మా దుకాణంలో కొత్తబట్ట ఏదీ మూలకి పసుపు పెట్టకుండా గడప దాటదు. కట్టుకున్నవాళ్ళు చల్లగా ఉండాలని. మిషను పక్కన చిన్న స్టీలు గిన్నెలో తడిపసుపు ఎప్పుడూ ఉంటుంది. మడత వెయ్యడం, వేలు ముంచడం, మూలకి అద్దడం, సంచిలో పెట్టడం. నా చేతికి అది ఎంత అలవాటైపోయిందంటే ఆ పని చేస్తున్నట్టు నాకే తెలీదు. "పెట్టిన," అనబోయి ఆగిపోయాను. పెట్టాను. జాకెట్‌కైతే లోపలిమూల ఉంటుంది. ఆ కోటుకి లోపలా బయటా ఒకటే బట్ట. లోకంలో మరక పడని ఏకైక కోటుకి ఎడమవైపు ముందుమూలన, అందరికీ కనబడేచోట, నా బొటనవేలంత పసుపు బొట్టు పెట్టి మరీ సాగనంపాను. ఇస్త్రీ బల్లమీద కూలబడ్డాను. (అదృష్టం, ఇస్త్రీపెట్టె చల్లగా ఉంది.)

ఆ పార్శిలు మూడు వారాలు ప్రయాణం చేసింది. ఆ మూడు వారాలూ ఉప్పుపిల్ల కలలు కంటూ రాసేది, నేను పిరికిదానిలా పువ్వుల బొమ్మలు పంపేదాన్ని. నిజం చెప్పాలని రోజూ అనుకోవడం, రేపు చెబుదామనుకోవడం. సభకి రెండు రోజుల ముందు ఒక ఫోటో వచ్చింది. పసుపు కాదు. ఎరుపు! సంచి విప్పి మచ్చ చూసి, అమ్మ కంటబడకముందే కడిగేద్దామని పాపం ఆ పిల్ల సబ్బు పెట్టి రుద్దింది. పసుపుకి సబ్బు తగిలితే ఎర్రబడుతుందని మన ఇళ్ళలో చిన్నపిల్లలకి కూడా తెలుసు. ఆమెకెవరు చెబుతారు? ఉత్తరాలు పంచే పిల్ల ఎవరినో పొడిచి వచ్చినట్టుంది ఆ కోటు. కింద ఒకటే మాట రాసింది, "అయిపోయింది" అని.

ఏడుస్తూ ఫోను చిన్నమ్మ చేతిలో పెట్టాను. ఆమె నన్ను తిడుతుందనుకున్నాను. కళ్ళజోడు పెట్టుకుని ఫోటో చూసి, "గింతేనా? ఫోన్ జెయ్యి. బొమ్మ కనవడే ఫోను," అంది. వీడియో కాల్ అంటే నా స్టూడియో బయటపడుతుంది. జాకెట్లు, చార్టు, చిన్నమ్మ, అన్నీ. ఒక్క క్షణం ఆగాను. ఆ తర్వాత నా పరువు కన్నా ఆ పిల్ల లోకం పెద్దదనిపించి నొక్కాను. అవతల వాచిన కళ్ళతో ఉప్పుపిల్ల. మొదటిసారి ఒకరి మొహం ఒకరం చూసుకోవడం అదే. నేను నోరు తెరిచేలోగా చిన్నమ్మ ముందుకొచ్చింది. "ఇంట్ల పెద్దోళ్ళెవలు లేరా? అమ్మను పిలువుమను."

అమ్మ దగ్గర దాచడానికే కదా ఇంత తంటా! అమ్మ అన్న మాట అక్కడా అర్థమైనట్టుంది, వద్దు వద్దని ఇద్దరం రెండు దేశాల్లోంచి చేతులూపుతుంటే, గోల విని ఆవిడే వచ్చేసింది. తలకి రుమాలు కట్టుకుని, చేతిలో గరిటెతో. కూతురు మొహం చూసింది, కోటు చూసింది, ఫోనులో మా చిన్నమ్మని చూసింది. చిన్నమ్మ ఏమాత్రం తడబడకుండా, "అక్కా, జర పరేషాన్ గాకుండ్రి. సబ్బు ముట్టుకోవద్దు. నిమ్మకాయ రుద్దుండ్రి, ఎండల ఎయ్యిండ్రి. పోతది," అని అచ్చమైన మెదక్ తెలుగులో చెప్పింది. నేను ఇంగ్లీషులో చెప్పాను, ఉప్పుపిల్ల వాళ్ళ భాషలో చెప్పింది. అసలు ఆ బొట్టు ఎందుకు పెట్టారని ఆవిడ అడిగింది. కట్టుకున్న పిల్ల చల్లగా ఉండాలని మా దగ్గర అలా పెడతామని, తప్పు నాదేనని చెప్పాను. ఆవిడ కోటు మూలని వేలితో తడిమింది. తర్వాత గరిటె పక్కన పెట్టి, "మా అమ్మ కూడా కొత్తది ఏదీ ఊరికే వేసుకోనిచ్చేది కాదు," అని నిమ్మకాయ కోసం లోపలికి వెళ్ళింది.

ఆ మధ్యాహ్నం నాకు ఇప్పటికీ కళ్ళముందే ఉంది. మా వీధి కునుకు తీస్తోంది. స్ఫాక్స్‌లో అప్పుడే పొద్దెక్కుతోంది. వాళ్ళ తెల్లటి మేడమీద తాడుకి ఆ కోటు, దాని వెనక ఎక్కడో ఉప్పు మెరుపు, ఇంకాస్త అవతల సముద్రం. నిమ్మరసం తగలగానే ఎరుపు మళ్ళీ పసుపైంది. ఎండకి ఆ పసుపు గంట గంటకీ పలచబడింది. ఉప్పుపిల్ల అమ్మ కోటుని అటూ ఇటూ తిప్పుతుంటే, ఇటునుంచి చిన్నమ్మ "ఇంక జర, ఇంక జర" అంటూ ఆజ్ఞలిస్తోంది. నడుమ నడుమ వాళ్ళిద్దరూ మా అనువాదం కోసం ఆగకుండానే ఏదో మాట్లాడుకుని నవ్వుకునేవారు. నేనూ ఉప్పుపిల్లా చెరో పక్కన కూర్చుని, బట్ట ఆరడం చూశాం. ఏ సీరియల్లోనూ నేను అంత ఒళ్ళు మరిచిపోయి చూసిన భాగం లేదు. సాయంత్రానికి మచ్చ దాదాపు పోయింది. తెలిసినవాళ్ళు వెతికితే లేతగా ఒక నీడ.

పోటీలో వెతికేవాళ్ళే ఉంటారు కదా. వేదిక మీద ఒక జడ్జి వంగి ఆ మూల చూసి, ఈ కోటుకి మరక ఉండకూడదని మీకు తెలీదా అన్నాడట. ఉప్పుపిల్ల ఆ మూలని చేత్తో కప్పుకుంది. అప్పుడు ముందు వరసలోంచి వాళ్ళమ్మ లేచింది. "ఆ మరక దూరదేశంలో ఒకామె నా బిడ్డ చల్లగా ఉండాలని పెట్టింది. దాన్ని పోగొట్టడానికి పొద్దంతా ఎండలో నిలబడింది నేను. మీ బొమ్మలో ఆ పిల్ల కోటుకి మరక పడదంటారే, దాన్ని ఎవరు ఉతుకుతున్నారో ఎప్పుడైనా చూపించారా?" అని గట్టిగా అడిగిందట. హాలు గొల్లుమంది, తర్వాత చప్పట్లు కొట్టింది. బహుమతి మాత్రం ఒక అట్టకవచం కుర్రాడికి వెళ్ళింది. మా గుంపులో మూడు నెలల వాదన ఆ రాత్రితో ముగిసిపోయింది.

అసలు తీర్పు ఇంటికి వెళ్ళేదారిలో వచ్చింది. బస్సులో వాళ్ళమ్మ, తన ఏడేళ్ళ వయసులో టీవీలో వచ్చిన ఒక బొమ్మ గురించి చెప్పడం మొదలుపెట్టిందట. సముద్రం ఒడ్డున దీపస్తంభం కాపలా కాసే ఒక మనిషి, పొడుగు పచ్చకోటు. అది ఎలా ఉండేదో చేతులతో చూపించిందట. మర్నాడు నాకు సందేశం వచ్చింది. వాళ్ళమ్మ కొలతలు! వచ్చేసారి తను కూడా వేషం వేస్తుందట, కాస్త లావు కాబట్టి చంకల దగ్గర వదులు ఉంచమని మెదక్ అక్కకి మరీ మరీ చెప్పమందట. చదివి నేను కడుపు పట్టుకుని నవ్వాను. అంత పెద్దావిడ, ఇద్దరు పిల్లల తల్లి, కోటేసుకుని వేషమేమిటని! చిన్నమ్మ నవ్వలేదు. "పచ్చల ఏ పచ్చనో సరిగ్గ అడుగు," అంది.

ఇప్పుడు అక్కడ ఏ హాలూ చాలడం లేదట. ఉప్పుపిల్లే ముందుండి నడుపుతుంది, అమ్మలూ పిల్లలూ కలిసి వేషాలు వేసుకుని వస్తారు, వీడియోలు పంపుతుంది. మెదక్‌లో కూడా ఇప్పుడు ఆ బొమ్మలున్న టీషర్టులు వేసుకుని కుర్రాళ్ళు బైకుల మీద తిరుగుతుంటే, వాళ్ళని ఆపి నేను మీకన్నా ముందని చెప్పాలనిపించి ఊరుకుంటాను. నాకు ముప్పై దాటాయి. ఆ రోజు అంతగా నవ్విన అప్పటి నేను ఎదురైతే చెవి మెలిపెట్టి పక్కన కూర్చోబెట్టుకుంటాను. మొన్న ఒక మధ్యాహ్నం వీధి నిద్రపోతుండగా దుకాణంలో టేపు తీసుకుని, అద్దం ముందు నిలబడి, కోటుకి నా కొలతలు నేనే తీసుకున్నాను. నడుము రెండుసార్లు తీసుకున్నాను, రెండోసారీ అంతే వచ్చింది. కాగితం మీద రాసి, పేరు రాయకుండా, మిగతా కొలతల కాగితాల మధ్యలో పెట్టాను. చిన్నమ్మ కళ్ళజోడు సర్దుకుని ఒక్కో కాగితమే చూస్తూ దాని దగ్గర ఆగింది. ఎవరివని అడగలేదు.

"భుజం తప్పు దీసినవ్," అంది టేపు అందుకుంటూ. "ఇటు రా బిడ్డా, నేను తీస్త."