పాండురంగం బావ అలక

మా పాండురంగం బావ అలగకుండా వరంగల్‌లో ఒక్క పెళ్లీ జరగలేదు. బట్టల దుకాణం మూసేసి, గంజి పెట్టిన తెల్ల చొక్కా తొడుక్కొని, పిలిచిన పెళ్లికీ పిలవని పెళ్లికీ వెళ్తాడు. వెళ్లి, మంచి కుర్చీ చూసుకొని, అలుగుతాడు. దేవుణ్ణి నమ్మొచ్చు, ప్రేమను నమ్మొచ్చు, ఆడపెళ్లివారి వంటమాస్టర్‌ను మాత్రం నమ్మకూడదన్నది ఆయన జీవిత సిద్ధాంతం.

ఒకసారి పెళ్లికి వెళ్తూ స్టేషన్ ఘన్‌పూర్ ప్లాట్‌ఫారం మీదే అలిగాడు. బతిమాలడానికి గార్డు దిగాడు, డ్రైవరు దిగాడు, ఆఖరికి ఇంజను కూడా పెద్ద నిట్టూర్పు విడిచింది. రైలు పదకొండు నిమిషాలు ఆలస్యం. ఇందులో అలకా, పదకొండు నిమిషాలూ మాత్రం నిజం.

ఆయనంటే నాకు అసూయ. దాచను. నా భార్య కళావతికి ఆయన పెద్దమ్మ కొడుకు. "లే అన్నా, నా మాట ఇను అన్నా" అంటూ గిన్నె పట్టుకొని ఆయన వెంట తిరుగుతుంది. యాభై ఏళ్ల కాపురంలో నేనూ ఒకసారి అలిగాను. మూడు రోజులు మాట్లాడలేదు. నాలుగో రోజు "ఏందయ్యా, పండ్లు నొస్తున్నయా?" అని అడిగింది.

మొన్న మాఘమాసంలో మా మనవరాలు సౌమ్య పెళ్లి. మగపెళ్లివారు వర్ధన్నపేట నుంచి బస్సులో దిగారు. పెళ్లికొడుకు మేనమామ ఓంప్రకాశ్ మీద పన్నీరు చల్లడం మరిచిపోయాం.

"మర్యాద లేని కాడ మాకు పిల్ల వద్దు. అందరు బస్సెక్కుండ్రి" అన్నాడాయన.

ఎక్కేశారు. పెళ్లికొడుకు హరీష్ బిక్కమొహంతో ముందు సీట్లో కూర్చున్నాడు. చిన్నప్పుడు కాన్వెంటు బడిలో సిస్టర్లు నేర్పిన నాలుగు రకాల క్షమాపణలూ చెప్పాను. ఒక్కటీ పనిచేయలేదు. లోపల సౌమ్య బాసికం కట్టుకొని ఏడుస్తోంది.

బస్సు కదిలింది, ఆగింది. మండపం గేటులో అడ్డంగా కుర్చీ వేసుకొని పాండురంగం బావ. చేతిలో ఇడ్లీ ప్లేటు. ఈ రోజు కూడానా అని నాకు ఒళ్లు మండింది.

ఓంప్రకాశే దిగాడు. "పెద్దమనిషీ, జర జరుగుండ్రి."

"జరగ. నా ఇడ్లీల నెయ్యి ఎయ్యలే."

"గింత దానికా? పెండ్లింట్ల ఎవలన్న నెయ్యికి అలుగుతరా?"

"మరి దేనికి అలుగుతరో మీరే చెప్పుండ్రి."

ఓంప్రకాశ్ నోరు తెరిచాడు. బస్సు కిటికీల్లోంచి నలభై తలకాయలు చూస్తున్నాయి. పన్నీరు అన్న మాట గొంతు దాటలేదు. నోరు మూసుకొని, తానే వెళ్లి నెయ్యి తెచ్చాడు.

"ఇప్పుడు ఇడ్లీ సల్లగైంది" అన్నాడు బావ.

వేడి ఇడ్లీ కూడా ఓంప్రకాశే తెచ్చాడు. "జీవితంల పట్టువిడుపు ఉండాలె బావా. పెండ్లంటే రెండు ఇండ్ల ఇజ్జత్. చిన్న చిన్నయి మనసుల పెట్టుకోవద్దు" అని ఉపన్యాసమిచ్చి, చేయి పట్టుకొని మండపంలోకి తీసుకెళ్లాడు. వెనకాలే బస్సంతా దిగింది.

తాళి కట్టడం అయ్యాక బావ దగ్గరికి వెళ్లాను. ముఖం ఇంకా ముడుచుకునే ఉంది.

"పెండ్లి అయింది, ఇగ లే బావా."

"ఆ మేనమామ ఇంక బువ్వ తినలే" అన్నాడు మెల్లగా. "నేనిప్పుడు నవ్విన్ననుకో, ఆయనకు తన అలక యాదికొస్తది. ఆయన చెయ్యి కడుక్కునేదాక నాకు తప్పదు."

"అంటే ఇన్నేండ్లు... అందరి పెండ్లిళ్లల్ల ఇదేనా?"

"రైలు కాడ మాత్రం నిజంగనే కోపమొచ్చింది."

నా అసూయ రెండింతలైంది. ఇంత మంచి ఉపాయం నాకెందుకు తట్టలేదు? కుర్చీ లాక్కొని పక్కనే కూర్చొని, నేనూ మూతి ముడిచాను.

బావ ఓరకంట చూశాడు. "గది పంటినొప్పి లెక్కున్నది. మూతి జర కిందికి దించు."