తలుపు పక్కన మామ చోటు

కర్నూలు ఆసుపత్రి నుంచి ఎదురింటి ఎస్టీడీ బూత్‌కు కబురొచ్చింది. ఆలూరులో మా కిరాణా అంగడి పక్కనే పరుపులు కుట్టే మామ ఇక లేడట. దుఃఖం కంటే ముందు నన్ను అయోమయం పట్టుకుంది. ఆయన విషయంలో ఏది మంచయిందో ఏది చెడయిందో నాకు ఇప్పటికీ తేలలేదు.

మామ పరుపు కుట్టడం అయ్యాక కుట్టును రెండు చేతులా లాగి చూసేవాడు. "నేను కుట్టిందే నేను నమ్మనప్పా" అని నవ్వేవాడు.

అలాంటి మనిషికి మలద్వారం దగ్గర పేగులో క్యాన్సర్ అన్నారు. డాక్టరు దగ్గరికి తోడు వెళ్లింది నేనే. గడ్డ తీసి పేగును కలిపి కుడతామని, ఆ కుట్టు మానేదాకా కొన్ని నెలలు మలం పొట్టమీది సంచిలోకి వచ్చేలా చేస్తామని చెప్పాడాయన. మామ మొహం మాడిపోయింది. మసీదులో ముందు వరుసలో ఆయన చోటు ఆయనదే.

"సంచి కట్టుకుంటే వుజూ నిలవదు. శుద్ధి లేకుండా నమాజు ఎట్ల చేసేది? వేరే దావ ఏమన్నా ఉండాదా సార్?"

"ఉంది. కుట్టాక నీళ్లు పోసి, గాలి ఊది చూస్తాం. బుడగలు రాకపోతే సంచి పెట్టం. కుట్టు మీద ఒత్తిడి పడకుండా కింది నుంచి గొట్టం పెట్టి కొన్నాళ్లు ఉంచుతాం. అయినా కుట్టు విడిపోవచ్చు. విడిపోతే ప్రాణం మీదికొస్తుంది."

మామ నా వైపు చూశాడు. నేను డాక్టరు వైపు చూశాను.

"కుట్టి పరీక్ష చేసేవాళ్లే గదా, కానియ్యండి" అన్నాడు ఆయనే.

ఆపరేషన్లో బుడగలు రాలేదు, సంచి పెట్టలేదు. కుట్టు నిలిచింది. చూడ్డానికి వచ్చిన మసీదు ఇమాం, మామ సంచి ఎందుకు వద్దన్నాడో విని తల పట్టుకున్నాడు. "సంచి ఉన్నా నమాజు చెల్లుతాది. ప్రతి నమాజుకూ మళ్లీ వుజూ చేసుకుంటే సాలు. ఒక్క మాట నన్ను అడగకూడదా?"

"ఇట్లాంటిది మీతో ఎట్ల అనేది హజ్రత్?" అన్నాడు మామ, తల దించుకుని.

అంతటితో అయిపోలేదు. పేగు పొట్టిదయ్యాక మాటిమాటికీ దొడ్డికి పరుగెత్తాల్సి వచ్చేది. మసీదులో ముందు వరుస వదిలేసి చివరి వరుసకు, తలుపు పక్కకు వచ్చేశాడు. సంచి పెట్టినా, అది తీసేశాక ఈ బాధ తప్పేది కాదేమో అన్నాడు డాక్టరు. మరి మేం దేన్ని తప్పించుకున్నట్టు? మామనడిగితే "తలుపు కాడ గాలి శానా బాగుండాదిలే" అనేవాడు. ఆ మాటకు నాకు ఏడుపొచ్చేది.

చివరికి ఆయన్ని తీసుకుపోయింది కాలేయానికి పాకిన రోగం. ఆ కుట్టు మాత్రం చెక్కుచెదరలేదు.

మసీదులో జనాజా నమాజుకు, ఆయన కోసం చేసే ఆఖరి ప్రార్థనకు, నేనూ వెళ్లాను. ఎక్కడ నిలబడాలో తెలియక, తలుపు పక్కన ఆయన చోట్లోనే నిలబడ్డాను. మామను అందరికంటే ముందు, మొదటి వరుసకూ ముందు పడుకోబెట్టారు. ఆయన కొడుకు వంగి, ఒంటికి చుట్టిన కఫన్ గుడ్డ ముడిని రెండు చేతులా ఒకసారి లాగి చూశాడు.