అద్దంలాంటి హాలు గరుకైన వైనం

మేస్త్రి మామగారు మనుషుల ముఖాలు చూడరు, కాళ్ళు చూస్తారు. నలభై ఏళ్ళు ఊరందరి ఇళ్ళకీ రాళ్ళు పరిచి, పాలిష్ పట్టిన మనిషి. గుమ్మంలోకి ఎవరొచ్చినా ఆయన చూపు ముందు పాదాల మీదే వాలుతుంది. భుజం మీద ఎప్పుడూ ఓ పొడిగుడ్డ. వచ్చినవాళ్ళు నాలుగడుగులు వేసేలోగా ఆయన వాళ్ళ వెనకాలే వంగి తుడుచుకుంటూ వచ్చేస్తుంటారు. పలకరింపులన్నీ ఆ తర్వాతే.

కోడలు ఆ ఇంట్లో మొట్టమొదట అడుగు పెట్టినప్పుడు ఆయన అడిగిన మాట ఒక్కటే.

"కాళ్ళు కడుక్కునే వచ్చావా అమ్మాయ్?"

"కడుక్కున్నాను మామయ్యగారూ."

"అదే భయం," అంటూ ఆయన గుడ్డ తీశారు. 

ఆ హాలు మామూలు హాలు కాదు. పదకొండు నెలలపాటు ఆయన సొంత చేతులతో పరిచి, అరగదీసి, నిగ్గు తేల్చిన నల్లరాతి నేల. పైన తిరిగే ఫ్యాను రెక్కలు కింద లెక్కపెట్టుకోవచ్చు. కొడుకు కరెంటు పోయిన రోజున కిటికీ పక్కన బోర్లా పడుకుని అందులో చూసుకుంటూ గడ్డం గీసుకున్నాడని బంధువుల్లో చెప్పుకుంటారు. ఒకసారి పట్టపగలు దొంగ పడ్డాడు. ఏం పోయిందని పోలీసాయన అడిగితే, మామగారు బూటు గీతల మీద చెయ్యేసి, "పాలిష్ పోయింది" అన్నారట. బీరువాలోని వెండి గ్లాసుల సంగతి అత్తగారు చెప్పుకోవాల్సి వచ్చింది.

అలాంటి ఇంటికి కోడలు కుక్కపిల్లను తెచ్చింది. రెండు నెలల పిల్ల, లావుపాటి కాళ్ళు, ఇంత తల. గున్న అని పేరు పెట్టారు. గోళ్ళు టకటకలాడించుకుంటూ అది హాలు దాటుతుంటే మామగారు గుండె పట్టుకుని కూర్చున్నారు. తన నేల మీద ఇది అక్షరాభ్యాసం మొదలెట్టిందని వారం రోజులు గొణిగారు.

తొమ్మిదో నెల వచ్చేసరికి గున్న నిజంగానే గున్నేనుగంత అయింది. పరిగెత్తేటప్పుడు వెనక కాళ్ళు రెండూ కలిపి కుందేల్లా గెంతేది. మలుపు తిరగబోయి నాలుగు కాళ్ళూ నాలుగు దిక్కులకీ పోయి చతికిలబడేది. ఇంటిల్లిపాదీ పడీపడీ నవ్వేవాళ్ళు. కోడలైతే వీడియోలు తీసి ఆఫీసులో అందరికీ చూపించింది.

మామగారు మాత్రం నవ్వలేదు. ఓ సాయంత్రం దాని నడక వెనకనుంచి చాలాసేపు చూసి, కోడల్ని పిలిచారు.

"అది ఆట కాదమ్మాయ్. కుడికాలు ఆనించట్లేదు. లేచేటప్పుడు ముందుకాళ్ళతో ఒళ్ళంతా ఈడ్చుకుంటోంది. లోపల ఎక్కడో అతుకు వదులుగా ఉంది. డాక్టరుకి చూపించు."

కోడలు తెల్లబోయింది. నేల పాడవుతోందని, ఈయన కుక్కను వదిలించుకునే ఎత్తు వేశారని లోపల అనుకుంది కూడా. అయినా మర్నాడు తీసుకెళ్ళింది. ఎవరూ రమ్మనకుండానే మామగారు వెంట బయల్దేరారు.

పశువుల డాక్టరమ్మ ఎక్స్-రే తీసి గోడమీది లైటుకి ఆనించింది. తొడ ఎముక చివర ఉండే గుండు తుంటిలోని గిన్నెలో నిండుగా కూర్చోవాలి; దీనికి ఆ గిన్నె లోతు చాలలేదు, గుండు పక్కకి జారుతోంది అని చూపించింది. పెద్ద జాతి కుక్కల్లో వంశం నుంచి వచ్చే జబ్బేనట. మందులతో పూర్తిగా పోయేది కాదట. తొమ్మిది నెలల పసిదానికి ముసలి కీళ్ళ నొప్పేమిటి అనుకుంది కోడలు. తను తీసిన వీడియోలన్నీ గుర్తొచ్చాయి. అది నొప్పితో గెంతుతుంటే తను చప్పట్లు కొట్టింది.

డాక్టరమ్మ ధైర్యం చెప్పింది. ఒళ్ళు పెరగనివ్వకూడదు. గెంతులు, మెట్లు వద్దు. తాడు పట్టుకుని రోజూ నెమ్మదిగా, కొద్దికొద్దిగా నడిపించాలి. తొడ కండ గట్టిపడితే అదే ఎముకని పట్టి ఉంచుతుంది. నొప్పి ఎక్కువైన రోజుల్లో మాత్రలు. వీటికి లొంగకపోతే అప్పుడు ఆపరేషన్ సంగతి చూద్దామంది.

"అన్నిటికంటే ముందు ఒకటి చెప్పండి. మీ ఇంట్లో నేల ఎలా ఉంటుంది? జారుడు నేల దీనికి విషం."

కోడలు తల వంచుకుంది. మామగారి వైపు చూసే ధైర్యం లేకపోయింది.

"అద్దంలా ఉంటుందమ్మా," అన్నారాయన. ఆ మాట ఆయన ఎన్ని వందలసార్లు అన్నారో, గొంతులో గర్వం లేకుండా అనడం మాత్రం అదే మొదలు.

ఇంటికొచ్చాక హాలంతా చాపలు పరిచారు. పాలిష్ మీద చాపేం నిలుస్తుంది? గున్న చాపతో సహా సర్రున వెళ్ళి గోడకి కొట్టుకుంది. కుయ్యిమని అది మూలిగిన మూలుగుకి అత్తగారు వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చారు. మామగారు చాపలన్నీ చుట్టి అటక మీద పడేశారు. కోడలు నిర్ఘాంతపోయింది. ఇంత రాతిగుండె మనిషా అనుకుంది. గదిలోకి పోయి వాళ్ళక్కకి ఫోను చేసింది. అక్క వాళ్ళది మట్టి పెరడు. గున్నను ఆదివారం వచ్చి తీసుకెళ్తానంది.

శనివారం కోడలు సెలవడిగి, దానితో కాసేపు గడుపుదామని మధ్యాహ్నానికే ఇల్లు చేరింది. వీధి మొదట్లోకే గిర్రుమని మోత వినిపించింది. ఇంట్లోంచి దుమ్ము మేఘంలా వస్తోంది. కొడుకు గుమ్మంలో రెండు చేతులూ నెత్తిన పెట్టుకుని నిలబడ్డాడు. లోపల తలనుంచి కాళ్ళదాకా బూడిద పూసుకున్నట్టున్న మామగారు, పాలిష్ మిషన్‌కి గరుకు రాయి బిగించి, తన నల్లరాతి నేలని ఆ మూలనుంచి ఈ మూలకి గీకి పారేస్తున్నారు. సగం హాలు అప్పటికే మసకబారిన పలకలా అయిపోయింది.

"మామయ్యగారూ, ఏమిటిది?" అంది కోడలు.

ఆయన మిషన్ ఆపారు. "కనబట్టం లేదా? నేల చెడగొడుతున్నాను."

"మీ నేల..."

"మనుషులైతే వెనకాల గుడ్డ పట్టుకుని తిరగ్గలను. అది నాలుగు కాళ్ళది. నేనొక్కణ్ణి ఎక్కడ చాలతాను?" అని మళ్ళీ మిషన్ వేశారు.

కోడలికి ఆ మాట అర్థం కాలేదు. పెరట్లో గున్న చెవులకి తన చీర చెంగు చుట్టి కూర్చున్న అత్తగారు విడమరిచి చెప్పారు. పాతికేళ్ళ కిందట ఆయన ఓ బడి వరండాకి నేల వేశారు. అందరూ మెచ్చుకున్నారు. వారం తిరక్కుండా అక్కడి ఆయా తడికాళ్ళతో నడిచి జారిపడింది. తుంటి విరిగింది. ఆవిడ మళ్ళీ సరిగ్గా నడవలేదు. ఆయన తప్పని ఎవరూ అనలేదు. అయినా ఆవిడ బతికున్నన్నాళ్ళూ వారం వారం వెళ్ళి కావలసినవి చూసి వచ్చేవారు.

"ఆయన తుడిచేది మెరుపు కోసం అనుకున్నావా? తడి కోసమే పిల్లా. ఎవరు జారతారోనని. పోనీ మెరుపు మానేద్దామా అంటే ప్రాణం ఒప్పలేదు. ఇన్నేళ్ళకి ఒప్పింది," అన్నారు అత్తగారు.

కోడలు అక్కడే అరుగు మీద కూలబడింది. ఇన్నాళ్ళూ ఆ చూపు మురికిని వెతుకుతోందనుకుంది. పడబోయేవాళ్ళని వెతుకుతోందని కలలో కూడా తట్టలేదు. కాసేపటికి ఫోను తీసి, రేపు రావద్దని అక్కకి చెప్పింది.

ఆ సాయంత్రం దుమ్మంతా కడిగి ఆరబెట్టాక గున్నను లోపలికి వదిలారు. అలవాటు కొద్దీ అది గుమ్మం దగ్గరే ఆగి వణికింది. ఒక కాలు వేసింది. జారలేదు. రెండోది వేసింది. హాలు మధ్యకొచ్చి, నమ్మలేనట్టు నేలని వాసన చూసి, తిన్నగా వెళ్ళి మామగారి కాళ్ళ దగ్గర కూర్చుంది. ఆయన దాన్ని కసిరారు, గోళ్ళు పెరిగాయని. ఆ కసురులో బలం లేదు.

తర్వాత దాని ఆలనాపాలనా అంతా ఆయనదే. మెట్ల పక్కన వాలుగా దారి కట్టారు. తిండి తూచి పెట్టారు. అత్తగారు చాటుగా పెట్టే ముక్కల్ని కూడా పసిగట్టి పట్టుకున్నారు. పొద్దునా సాయంత్రం తాడు పట్టుకుని, తన నడకకి దాని నడకని కలిపి నడిపించారు. ఆరు నెలలకి డాక్టరమ్మ తొడ నొక్కి చూసి ఆశ్చర్యపోయింది. జబ్బు ఎక్కడికీ పోలేదు, కానీ కండ బాగా పట్టింది, ప్రస్తుతానికి ఆపరేషన్ మాట అక్కర్లేదంది. కోడలు సంతోషంలో ఉండి గమనించలేదు. మామగారు అంతసేపూ డాక్టరమ్మ మాటలు వినడం లేదు. తెల్లగా తళతళలాడే ఆ ఆస్పత్రి నేలనే చూస్తున్నారు.

రెండు రోజుల తర్వాత ఆఫీసులో ఉండగా ఆమెకి ఫోను వచ్చింది. డాక్టరమ్మ. గొంతులో కంగారు.

"అమ్మా, మీ మామగారు ఏదో పెద్ద మిషన్ ఆటోలో వేసుకొచ్చి మా వరండాలో దించారు. కుంటి కుక్కలొచ్చే చోట ఈ నేల ఏమిటని నన్నే కోప్పడుతున్నారు. గరుకు చేసేదాకా కదలరట. ఏం చెయ్యమంటారు?"

కోడలు కుర్చీలో సర్దుకు కూర్చుంది. 

"ముందు మీ ఎక్స్-రే మిషన్ మీద దుప్పటి కప్పుకోండి డాక్టరుగారూ," అంది. "దుమ్ము బాగా లేస్తుంది."